వైద్యర్షి యల్లాప్రగడ సుబ్బారావు

పాఠ్యభాగ నేపథ్యం

రోగికి చికిత్స చేయడం, రోగకారణాన్ని పరిశోధించడం, భావి వైద్యులకు శిక్షణ ఇవ్వడం అనే మూడు కార్యాలు ఆధునిక వైద్యవిద్యాలయంలో ఒకే ప్రాంగణంలో సాగుతాయి. ఒకదాని బలం మరొకదానికి ఆసరా అవుతుంది. ఈ మూడింటి అనుబంధానికి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చక్కని నిదర్శనం. కీర్తికాంక్షకు దూరంగా నిలిచి, జీవితాన్ని పరిశోధనకే అంకితం చేసిన ఆ తెలుగు శాస్త్రవేత్త చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రతీరం వరకు విస్తరించిన పచ్చని సీమ కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఎటు చూసినా కొబ్బరితోటలు, వరిచేలు, నిండుగా పారే కాలువలు కనువిందు చేస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత గోదావరి జలాలు ఈ నేలను అన్నపూర్ణగా మార్చాయి. అయితే ఆ నీరే నిలిచి మురుగైన చోట దోమలకు నెలవైంది. దోమల వల్ల వ్యాపించే బోదకాలు వ్యాధి గోదావరి డెల్టా ప్రజలను తరతరాలుగా పీడించింది. కాలు ఏనుగు పాదంలా వాచి, నడక భారమై, పొలం పనికి దూరమై, నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతూ కాలం గడిపిన అభాగ్యులెందరో! ఆ వ్యాధికి సులువుగా నోటితో మింగగల మందును కనుగొన్న పరిశోధక బృందానికి నాయకత్వం వహించినవారు గోదావరి గడ్డపై పుట్టిన సుబ్బారావు కావడం విశేషం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం కారణంగా ఆయన ముందుగానే ఉద్యోగం విరమించడంతో కుటుంబాన్ని పేదరికం చుట్టుముట్టింది. సుబ్బారావు విద్యాభ్యాసం రాజమండ్రిలో మొదలైంది. కాని బాల్యంలో ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరారు. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనక్కు తీసుకువచ్చారు. ఎన్ని కష్టాలు వచ్చినా కొడుకును చదివించి తీరాలన్నది తల్లి వెంకమ్మ పట్టుదల. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పిన సుబ్బారావు, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. ముందు వరుసలో లేని విద్యార్థి సైతం పట్టుదలతో ఎంత ఎత్తుకు ఎదగగలడో ఆయన జీవితం తెలియజేస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనసు ఆధ్యాత్మిక మార్గం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని సంకల్పించారు. తల్లి అందుకు సమ్మతించలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోవడానికి మఠం అంగీకరించలేదు. సేవ చేయాలనే కోరిక మాత్రం ఆయనలో చెక్కుచెదరక నిలిచింది. ఆ కోరికే ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు నడిపించింది. అక్కడ గాంధీజీ పిలుపును అందుకొని ఖద్దరు వస్త్రాలతో శస్త్రచికిత్స తరగతులకు హాజరయ్యారు. ఆంగ్లేయ ఆచార్యుడొకరికి అది నచ్చలేదు. ఆ ఆగ్రహ ఫలితంగా, పరీక్షలలో బాగా రాసినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఇంతలో ఆ కుటుంబంపై పిడుగుపాటు వంటి ఆపద వచ్చిపడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. ఇద్దరినీ కబళించిన వ్యాధి ఒకటే. దాని పేరు స్ప్రూ. తిన్న ఆహారం వంటబట్టక, విరేచనాలతో శరీరం శుష్కించి, రక్తం క్షీణించి రోగి మరణించే ఉష్ణమండల వ్యాధి అది. దానికి నాడు వైద్యుల వద్ద మందు లేదు. వైద్యశాస్త్రం చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేని నిస్సహాయత సుబ్బారావు హృదయాన్ని కోసివేసింది. తెలిసిన మందులను ఇవ్వడంతో తృప్తిపడక, తెలియని మందులను వెదకాలనే దీక్ష ఆయనలో బలపడింది.

చదువు ముగిసిన తరువాత ఆయన మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరిశీలించాలని ఉత్సాహపడ్డారు. ఉన్నత పరిశోధనకు అమెరికా వెళ్లడమే మార్గమని నిశ్చయించుకున్నారు. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ప్రయాణానికి కావలసిన ధనం సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. కొద్ది సంవత్సరాలలో తిరిగి రావాలనే తలంపుతో భార్యను స్వదేశంలో విడిచి, సుబ్బారావు 1923 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు. ఆయన మళ్లీ మాతృభూమిని చూడలేదు. భార్యనూ చూడలేదు. తాను కళ్లారా చూడని కుమారుడు పసితనంలోనే మరణించాడన్న వార్త మాత్రం ఆయనను చేరింది.

బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాల స్వరూపం విద్యార్థులు గమనింపదగినది. నాడు కళాశాల పక్కనే పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రి, పిల్లల ఆసుపత్రి ఉండేవి. ఆసుపత్రి పడకల వద్ద పుట్టిన ప్రశ్న ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడ దొరికిన సమాధానం తిరిగి రోగి వద్దకు వస్తుంది. ఈ రాకపోకలను కళ్లారా చూస్తూ విద్యార్థి వైద్యుడవుతాడు. సుబ్బారావు అక్కడి ఉష్ణమండల వైద్య విభాగంలో చేరి డిప్లొమా పొందారు. తన పట్టాకు గుర్తింపు లేనందున వైద్యుడిగా ఉద్యోగం దొరకలేదు. పూట గడవడానికి బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడిగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రపరచడం ఆయన పని. పగలు చదువు, రాత్రి రోగుల సేవ. ఆ పనిని ఆయన చిన్నతనంగా భావించలేదు. ఒక ఆసుపత్రిని అట్టడుగు మెట్టు నుంచి చూసిన అనుభవం ఏ గ్రంథమూ ఇవ్వలేనిది.

పిదప ఆయన జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు పూనుకున్నారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి అనువైన పద్ధతి కావలసి ఉన్నది. పిల్లల ఎముకలు వంగిపోయే రికెట్స్ వంటి వ్యాధులను గుర్తించడానికి ఆ కొలత అవసరం. భాస్వరపు లవణానికి మాలిబ్డినం లవణాన్ని, మరొక రసాయనాన్ని చేర్చితే నీలిరంగు ఏర్పడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ సూత్రం ఆధారంగా వారిద్దరూ రూపొందించి 1925లో ప్రచురించిన పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఆ పేరును నేటికీ పాఠంలో చదువుతారు.

ఆ కొలమానమే మరొక గొప్ప రహస్యానికి తాళంచెవి అయింది. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిది? లాక్టిక్ ఆమ్లం ఏర్పడడంలోనే దాని మూలమున్నదని అప్పటి శాస్త్రజ్ఞుల విశ్వాసం. ఆ సిద్ధాంతంతో ముడిపడిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి సైతం లభించింది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కనుగొన్నారు. రెండవదానినే మనం ఏ.టి.పి. అంటాము. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని గుర్తించారు. రూపాయి నాణెం చేతులు మారినట్లు, జీవకణంలో శక్తి ఏ.టి.పి. రూపంలో ఒక చర్య నుంచి మరొక చర్యకు అందుతుంది. సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. పరిశోధన ఫలితాలలో తన వాటాను చాటుకోవడం ఆయనకు తెలియదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, తరువాతివారు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ ఆయన సహచరుడు, అనంతర కాలంలో నోబెల్ బహుమతి గ్రహీత అయిన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. సుబ్బారావు మాత్రం ఎవరినీ నిందింపక పనిలోనే నిమగ్నులయ్యారు. కాలేయంలో రక్తహీనతను పోగొట్టే గుణమున్నదని మైనాట్, మర్ఫీ అనే బోస్టన్ వైద్యులు 1926లో రోగులకు కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి నిరూపించారు. ఆ గుణం ఏ పదార్థానిదో తెలుసుకోవాలని సుబ్బారావు కాలేయంపై ఏళ్ల తరబడి పరిశోధించారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో గల లెడర్లీ ప్రయోగశాలలో చేరి, 1942లో పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు.

లెడర్లీలో ఆయన రసాయన శాస్త్రజ్ఞులను, జీవశాస్త్రజ్ఞులను, వైద్యులను ఒక్కతాటిపై నడిపించారు. బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లోనే వెల్లడించారు. ఈస్టులోను, కాలేయంలోను ఉన్న ఆ మహత్తు గల పదార్థమే ఫోలిక్ ఆమ్లం. ప్రకృతిలో అది అతి స్వల్పంగా లభిస్తుంది. లెడర్లీ బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసి, ఎంతమందికైనా అందేలా చేసింది. స్ప్రూ రోగులకు అది దివ్యౌషధమైంది. సోదరులిద్దరినీ బలిగొన్న వ్యాధికి విరుగుడు సుబ్బారావు నాయకత్వంలోనే లోకానికి అందుబాటులోకి వచ్చింది. వారిని అది బ్రతికించలేదు. కాని వారివలె మంచాన పడిన ఎందరికో ప్రాణం పోసింది.

ఆసుపత్రికీ ప్రయోగశాలకూ గల అనుబంధం దీని తరువాతి ఘట్టంలో మరింత స్పష్టమవుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో బాధపడే పసిపిల్లలను చూస్తుండేవారు. నాడు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొద్ది వారాలలో లేదా నెలలలో మరణించడం తప్ప మరొక గతి లేదు. ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత వేగంగా పెరిగినట్లు ఫార్బర్ గమనించారు. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే పదార్థం వ్యాధిని తగ్గించాలి కదా అని తర్కించారు. అటువంటి పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో అమినాప్టెరిన్ ముఖ్యమైనది. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, దానితో చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా మందుతో రక్త క్యాన్సర్‌ను వెనుకకు నెట్టవచ్చునని లోకానికి మొదటిసారి ధైర్యం కలిగింది. దీనికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ అనే మందును క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వైద్యులు వాడుతున్నారు.

అదే కాలంలో వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు ప్రోత్సహించారు. మిస్సోరి రాష్ట్రపు మట్టి నమూనాలో దొరికిన సూక్ష్మజీవి నుంచి డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో ప్రకటితమైన ఈ మందు టెట్రాసైక్లిన్ వర్గపు యాంటీబయాటిక్‌లలో మొదటిది.

ఇక కోనసీమ ప్రజలకు మిక్కిలి సన్నిహితమైన ఔషధం హెట్రాజాన్. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారినపడ్డారు. దానికి మందు వెదకడానికి లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫైలేరియా జాతి క్రిములు సోకిన ఎలుకలపై అనేక రసాయనాలను పరీక్షించారు. వాటిలో డైఇథైల్‌కార్బమజైన్ గుణవంతమైనదని 1947లో తేలింది. డి.ఇ.సి. అని వైద్యులు వ్యవహరించే మందు ఇదే. ఇది రక్తంలో తిరిగే ఫైలేరియా సూక్ష్మక్రిములను నశింపజేస్తుంది. దోమ కుట్టినప్పుడు ఆ క్రిములు దోమలోకి, దాని నుంచి మరొక మనిషిలోకి చేరుతాయి. అందువల్ల రక్తం శుభ్రపడితే వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. అయితే ఏనాడో వాచి గట్టిపడిన కాలును ఈ మందు మునుపటి రూపానికి తేలేదు. కనుక వ్యాధి ముదరక ముందే మందు తీసుకోవాలి. ఈ క్రిములు ఎక్కువగా రాత్రివేళ పైరక్తంలోకి వస్తాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి రక్తనమూనాలు సేకరిస్తారు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాధి ప్రబలిన జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ డి.ఇ.సి. మాత్రలు పంచే సామూహిక కార్యక్రమం 2004లో మొదలైంది. గోదావరి జిల్లాలలో ఆరోగ్య కార్యకర్త అందించిన ఆ చిన్న మాత్ర వెనుక భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని దీక్ష ఉన్నదని మింగినవారిలో ఎంతమందికి తెలుసు?

సుబ్బారావు నిరాడంబరులు. విజయ ప్రకటనల వేళ తోటివారిని ముందు నిలిపి, తాను వెనుక నిలిచేవారు. పేటెంటు హక్కులతో, పత్రికలవారితో తన పేరును ముడివేసుకోవాలని ఆరాటపడలేదు. 1946 చట్టం భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశం కల్పించినా, ఆయన చివరివరకు భారతీయుడిగానే మిగిలారు. 1948 ఆగస్టులో, తన 53వ ఏట, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. ఇరవై అయిదేళ్ల ప్రవాసం అలా ముగిసింది. స్వదేశంలో భర్త రాకకై నిరీక్షించిన శేషగిరి త్యాగం కూడా ఆ మహత్కార్యంలో భాగమేనని మరువరాదు.

ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. బ్రతికి ఉండగా స్వదేశంలో తగిన గౌరవమూ లభించలేదు. తరువాతి శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్ర జాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టి ఆయనను స్మరించారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలాబిళ్లను విడుదల చేసింది. నేడు అమలాపురంలో కూడా వైద్య కళాశాల ఉన్నది. అటువంటి కళాశాలలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ సుబ్బారావు జీవితం నుంచి గ్రహింపవలసినది ఒకటున్నది. రోగి పడక వద్ద కలిగిన వేదన ప్రశ్నగా మారాలి. ప్రశ్న పరిశోధనగా మారాలి. పరిశోధన ఫలం తిరిగి రోగికి చేరాలి. సోదరుల మరణశయ్య వద్ద కలిగిన దుఃఖాన్ని లోకహితంగా మలచిన సుబ్బారావు వైద్యలోకంలో నిజమైన ఋషి.

కఠిన పదాలకు అర్థాలు

నెలవు = చోటు, నివాసం
కబళించు = మింగు
శుష్కించు = ఎండిపోవు, కృశించు
కొలమానం = కొలిచే సాధనం
భాస్వరం = ఎముకలలో, రక్తంలో ఉండే ఒక మూలకం
ప్రవాసం = పరదేశ నివాసం
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు వర్గానికి చెందిన జీవి

సంధులు

వైద్యర్షి = వైద్య + ఋషి – గుణసంధి
విద్యాభ్యాసం = విద్యా + అభ్యాసం – సవర్ణదీర్ఘసంధి
దివ్యౌషధం = దివ్య + ఔషధం – వృద్ధిసంధి

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చికిత్స, పరిశోధన, శిక్షణ పరస్పరం ఎలా తోడ్పడతాయో సుబ్బారావు జీవితం ఆధారంగా వివరించండి.
2. ఫోలిక్ ఆమ్లం నుంచి రక్త క్యాన్సర్ మందు వరకు సాగిన పరిశోధన క్రమాన్ని తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సోదరుల మరణం సుబ్బారావుపై చూపిన ప్రభావం ఎట్టిది?
2. బోదకాలు వ్యాప్తిని డి.ఇ.సి. ఎలా అరికడుతుంది?
3. బోస్టన్‌లో సుబ్బారావు ఎదుర్కొన్న కష్టాలు ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుబ్బారావు ఎప్పుడు, ఎక్కడ జన్మించారు?
2. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దేనిని కొలుస్తుంది?
3. ఆరియోమైసిన్‌ను కనుగొన్న శాస్త్రజ్ఞుడు ఎవరు?